ఎంసెట్ ర్యాంకు వచ్చింది, ఏ కాలేజీలు పెట్టుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్గొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. ర్యాంకులు వచ్చిన రోజు మొదలు వెబ్ ఆప్షన్ల (కావాల్సిన కాలేజీలు, బ్రాంచీలు ఆన్‌లైన్‌లో వరసగా పెట్టుకోవడం) గడువు అయ్యేదాకా నా ఫోనుకు తీరిక ఉండదు. పరీక్ష పేరు ఈఏపీసెట్ అయి కొన్నేళ్లయినా మా దగ్గర అందరి నోటా ఎంసెట్టే, నేనూ అలాగే రాస్తాను. ఏటా అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇవి ముఖ్యంగా తెలంగాణ ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గురించి. తేదీలు, ఫీజులు ఏటా మారతాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ పక్కన పెట్టుకుని చదవండి.

ఎన్ని ఆప్షన్లయినా పెట్టుకోవచ్చంటారు కదా, మరి జాబితా కుదించుకోవడం ఎందుకు?

పెట్టుకోవచ్చు, పరిమితి లేదు. చిక్కంతా అక్కడే వస్తుంది. రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు నూట యాభైకి పైనే. ఒక్కోదాంట్లో ఆరేడు బ్రాంచీలు. ఒక కాలేజీలో ఒక బ్రాంచి అంటే ఒక ఆప్షన్, అంటే మొత్తం వెయ్యికి పైగా. నెట్ సెంటర్‌లో కుర్రాడు వరసగా క్లిక్ చేసుకుంటూ పోతే అరగంటలో రెండు వందల ఆప్షన్లు పడిపోతాయి. సీటేమో 140వ ఆప్షన్‌లో వస్తుంది. ఆ రోజు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ కాలేజీ ఎక్కడుందో మొదటిసారి మ్యాపులో వెతుకుతారు.

ఓ తండ్రి నాతో అన్న మాట: "అందరు పెడ్తున్నరు గద సార్, మావోనికి గూడ అవే పెట్టుండ్రి." ఆ అందరి ర్యాంకు వేరు, కులం వేరు, ఊరు వేరు, జేబు వేరు.

నేను పిల్లల చేత ప్రతి ఆప్షన్ దగ్గరా ఒకటే అడిగిస్తాను. ఇక్కడ సీటు వస్తే రేపు పొద్దున పోయి చేరతావా? "ఏమో, చూద్దాం" అంటే ఆ లైను కొట్టేయాల్సిందే.

కొట్టేసుకుంటూ పోతే ఎన్ని మిగలాలి?

ఐదు వేల లోపు ర్యాంకు అయితే పాతిక ముప్పై చాలు. 15 వేల నుంచి 50 వేల మధ్య ఉన్నవాళ్లకు 40 నుంచి 80 దాకా ఉండాలి. ఇది నా అలవాటు లెక్కే, ఎక్కడా రాసి ఉన్న నియమం కాదు. 20 కాలేజీలు, మూడేసి బ్రాంచీలు అనుకుంటే 60 అవుతాయి. కుదించమన్నాను కదా అని పది ఆప్షన్లు పెట్టి ఊరుకుంటే మొదటి విడతలో సీటే రాకపోవచ్చు. అదో టెన్షన్.

మా బాబుకు 24 వేల ర్యాంకు. ఏ కాలేజీ వస్తుందో ఎలా తెలుస్తుంది?

కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో గత ఏళ్ల లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటుంది. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఏ కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో అందులో చూడొచ్చు. యూట్యూబ్‌లో "ఈ ర్యాంకుకు ఈ కాలేజీ పక్కా" అనే వీడియోలన్నీ దాన్ని చూసి చేసినవే. అసలుదే మీ చేతిలో ఉండగా వాళ్ల వెంట పడటం ఎందుకు?

చూసేటప్పుడు మీ కాలమ్ ఏదో ముందు గుర్తుపట్టండి. ఓసీ, బీసీ-ఎ నుంచి బీసీ-ఇ దాకా, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ అన్నింటికీ అబ్బాయిలు, అమ్మాయిలు అని విడివిడి కాలమ్స్ ఉంటాయి. అమ్మాయిలకు ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు కేటాయిస్తారు కాబట్టి ఒకే ర్యాంకుకు అన్నకు రాని సీటు చెల్లెలికి వచ్చే సందర్భాలుంటాయి. తెలంగాణలో 2025లో ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ కోటాను మూడు గ్రూపులుగా విడగొట్టడం, అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఏళ్ల ఎస్సీ కాలమ్‌ను ఇప్పటి మూడు గ్రూపులకు నేరుగా పోల్చుకోవద్దు.

ఇంకో సంగతి. స్టేట్‌మెంట్ ఏ విడతదో పైన రాసి ఉంటుంది, చూడండి. చివరి విడతది చూసి మొదటి విడతలో ఆశ పెట్టుకుంటే దెబ్బతింటారు. నేనైతే మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒక్క ఏడాది అంకె ఎటు ఎగిరినా, మూడేళ్లవి చూస్తే వరస తెలుస్తుంది. పైగా 2024-25 నుంచి ఒక్కో బ్రాంచిలో ఎన్ని సీట్లుండాలన్న పరిమితిని ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ ఎత్తేసింది. కొన్ని కాలేజీల్లో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీట్లు బాగా పెరిగాయి. సీట్లు పెరిగినచోట చివరి ర్యాంకు అంకె పెరుగుతుంది, అంటే వెనక ర్యాంకుకూ సీటు అందుతుంది.

మీ 24 వేలకు, మీ కాలమ్‌లో చివరి ర్యాంకు 14 వేల నుంచి 45 వేల దాకా ఉన్నవన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకోండి. కాలేజీ కోడ్, బ్రాంచి, మూడేళ్ల చివరి ర్యాంకులు, ఫీజు, ఇంటి నుంచో హాస్టల్ నుంచో దూరం. చివరి గడి ఖాళీగా వదలండి. ఎందుకు కొట్టేశారో, ఎందుకు ఉంచారో అందులో ఒక ముక్క రాయండి. "బస్సు లేదు", "ఫీజు ఎక్కువ", "మేనమామ వద్దన్నాడు". రాసి చూసుకుంటే ఏది కారణమో, ఏది కాదో మీకే తెలిసిపోతుంది.

రాని కాలేజీలు పైన పెడితే ఆప్షన్లు వేస్ట్ అవుతాయా? వచ్చేవే ముందు పెట్టుకోమంటున్నారు.

ఈ ఒక్క అపోహ వల్ల ఏటా ఎంతమంది పిల్లలు మంచి సీట్లు పోగొట్టుకుంటున్నారో!

కంప్యూటర్ ర్యాంకుల వరసలో పోతుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ మొదటి ఆప్షన్ చూస్తుంది. మీకు అర్హత ఉన్న సీటు అక్కడ మిగిలి ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోది, ఆ తర్వాత మూడోది. మీరు పైన ఐదు రాని కాలేజీలు పెట్టారని ఆరోదాని దగ్గర మీ వంతు వెనక్కి పోదు. మీ వెనక ర్యాంకు వాడు ఆ ఆరోదాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టినా సరే, ముందు మీకే.

నష్టం జరిగేది దీనికి తిరగేసి చేసినప్పుడు. మా విద్యార్థి ఒకడు "ఎట్లాగూ వస్తుంది" అని ఇంటి దగ్గరి కాలేజీని మూడో ఆప్షన్‌గా పెట్టాడు. వాడికి నిజంగా ఇష్టమైనది తొమ్మిదో ఆప్షన్. మూడోది వచ్చింది. తర్వాత చూస్తే తొమ్మిదోదాని చివరి ర్యాంకు అంకె వాడి ర్యాంకు కన్నా రెండు వేలు పెద్దది. అంటే ఆ సీటు వాడిదే అయ్యేది. కంప్యూటర్ అక్కడిదాకా పోనేలేదు. కాబట్టి వరస రాసేటప్పుడు ఇష్టం ఒక్కటే చూడాలి. ర్యాంకు లెక్క కావాల్సింది జాబితా ఎక్కడిదాకా కిందికి దించాలో తెలియడానికి.

2025లో తెలంగాణ కౌన్సెలింగ్‌లో అసలు కేటాయింపు కన్నా ముందు నమూనాగా మాక్ కేటాయింపు ఇచ్చారు. అది వస్తే చూసుకుని ఆప్షన్లు సరిచేసుకోవచ్చు. మాక్‌లో సీటు వచ్చింది కదా అని మిఠాయిలు పంచిన ఇల్లు కూడా చూశాను. అది ఖాయం కాదండీ.

కాలేజీ ముఖ్యమా, బ్రాంచి ముఖ్యమా?

ఇద్దరు మాస్టార్లను అడిగితే మూడు జవాబులు వస్తాయి. నా జవాబు ఇది.

పిల్లవాడికి ఫలానా బ్రాంచి మీద నిజంగా మనసుంటే బ్రాంచికే ఓటు. మనసు అంటే ఇంటర్‌లో ఫిజిక్స్‌లో కరెంటు పాఠాలు ఇష్టంగా చదివాడా, ఏదైనా విప్పి బిగించాడా, నాలుగు లైన్ల కోడ్ రాసి చూశాడా అని. చాలామందికి అలాంటిదేం ఉండదు, అదేం తప్పూ కాదు. అప్పుడు కాలేజీకే ఓటు. పాత, పేరున్న కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఈ మధ్యే సీట్లు పెంచుకుని అధ్యాపకుల కోసం వెతుక్కుంటున్న కాలేజీలో సీఎస్ఈ, రెండూ ఎదురైతే నేను మొదటిదే రాయిస్తాను. పక్కన కూర్చునే పిల్లలు ఎలాంటివాళ్లన్నది నాలుగేళ్ల చదువులో సగం.

సీఎస్ఈ తోకల గురించి కూడా అడుగుతారు. సీఎస్ఎం అంటే ఏఐ-మెషిన్ లెర్నింగ్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, ఐఎన్ఎఫ్ అంటే ఐటీ. మొదటి రెండేళ్లలో వీటి పాఠాల్లో పెద్ద తేడా ఉండదు. మామూలు సీఎస్ఈ రాలేదని మంచి కాలేజీని వదిలి కిందికి దిగడం నాకు నచ్చదు. ఐటీ పెట్టుకోండి, హాయిగా చదువుకోండి.

సివిల్, మెకానికల్ పేరెత్తితే చాలామంది తల్లిదండ్రుల మొహం మాడిపోతుంది. ఏఈఈ అనే ప్రభుత్వ ఇంజనీరు ఉద్యోగాల మీద, ఎంటెక్‌కు రాసే గేట్ పరీక్ష మీద, ప్రభుత్వ రంగ సంస్థల మీద గురి ఉన్న పిల్లలకు ఉస్మానియాలోనో జేఎన్‌టీయూలోనో ఆ సీటు రావడం చిన్న విషయం కాదు. అడిగేవాళ్లు తగ్గారు కాబట్టి ర్యాంకు కూడా అందుతుంది.

ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలను నమ్మొచ్చా?

ఫ్లెక్సీలో ఉండేది ఒక్కరి ప్యాకేజీ. మీకు కావాల్సింది మధ్యలో ఉన్నవాడి జీతం. ఒక్కో విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడూ లెక్కేసి "వెయ్యి ఆఫర్లు" అంటారు.

ఎన్‌ఐఆర్ఎఫ్ (కేంద్ర విద్యాశాఖ ఇచ్చే) ర్యాంకింగ్ కోసం దరఖాస్తు చేసిన కాలేజీలు తాము ఇచ్చిన వివరాలను తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, అన్నీ అందులో ఉంటాయి. ర్యాంకు రాకపోయినా వివరాలు ఉంటాయి. ఫ్లెక్సీ పక్కన ఆ పీడీఎఫ్ పెట్టి చూడండి, సగం కాలేజీల విషయం అక్కడే తేలిపోతుంది. అవి కూడా కాలేజీ చెప్పిన లెక్కలేనన్నది గుర్తుంచుకోండి.

న్యాక్ ఏ గ్రేడ్, ఎన్‌బీఏ, అటానమస్... ఇవన్నీ చూడాలా?

చూడాలి, మరీ మురిసిపోవద్దు. న్యాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులు. న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానిది. ఎన్‌బీఏ బ్రాంచిది. "మాకు ఎన్‌బీఏ ఉంది" అంటే ఏ బ్రాంచికి, ఏ ఏడాది వరకు అని అడగండి. కొత్త బ్రాంచికి అది ఉండదు, కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వెళ్లాకే దరఖాస్తు చేయగలరు. అటానమస్ అంటే సిలబస్, పరీక్షలు కాలేజీవే, పట్టా మాత్రం యూనివర్సిటీది. మంచి చేతుల్లో అది వరం. సరిగా నడపలేని చోట మార్కులు పుష్కలంగా వస్తాయి, చదువు రాదు.

కాలేజీకి వెళ్లి చూడటం అవసరమా? వెళ్తే ఏం చూడాలి?

దీనికి నా సొంత బాధ ఒకటి చెప్పాలి. మా పెద్దమ్మాయి అప్పుడు ఊళ్లో వందమంది పిల్లలకు ఆప్షన్లు చెప్పిన నేను, సొంత కూతురికి ఒక కాలేజీని చూడకుండానే పెట్టించాను. చిరునామాలో హైదరాబాద్ అని ఉంది. ఎల్బీనగర్‌లో హాస్టల్ తీసుకున్నాం. కాలేజీ బస్సు పొద్దున 7 గంటలకు ఎక్కితే చేరేసరికి 8:50. సాయంత్రం అంతకన్నా ఆలస్యం. రోజుకు నాలుగు గంటలు కిటికీ పక్కనే గడిచిపోయేవి. మొదటి సెమిస్టర్‌లో లెక్కల సార్ ఇద్దరు మారారు. "నాన్నా, నువ్వే ఫోన్‌లో చెప్పెయ్" అనేది. రాత్రి పదింటికి వాట్సాప్ వీడియోలో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చెప్పిన రోజులున్నాయి. ఒక్క రోజు బండి వేసుకుని పోయి ఉంటే తెలిసిపోయేది.

అందుకని జాబితాలో పైన ఉన్న పది కాలేజీల్లో కనీసం నాలుగైదింటికి వెళ్లండి. ఆదివారం కాకుండా పనిదినమే వెళ్లండి. అడ్మిషన్ల ఆఫీసులో ఏసీ గదిలో కూర్చోబెడతారు, టీ ఇస్తారు, తాగండి. ఆ తర్వాత బయటికొచ్చి గేటు దగ్గర టిఫిన్ బండి పక్కన నిలబడండి. రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లలు దొరుకుతారు. ముగ్గురిని అడిగితే చాలు: ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్ దగ్గర ఎంతమంది కూర్చుంటారు? ఈ ఏడాది మధ్యలో ఎంతమంది సార్లు వెళ్లిపోయారు? అటెండెన్స్ తగ్గితే ఎంత కట్టించుకుంటారు? చివరి ప్రశ్నకు వాళ్లు నవ్వే తీరులోనే సగం జవాబు ఉంటుంది.

ఏఐసీటీఈ లెక్కన ప్రతి 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో అధ్యాపకుల జాబితా ఉంటుంది. అందులోంచి రెండు పేర్లు రాసుకుని వెళ్లి "ఈ మేడం ఏం చెప్తారు?" అని పిల్లల్ని అడగండి. "ఆమె ఎవరు?" అన్నారంటే చాలు, నోట్‌బుక్‌లో చివరి గడి నిండినట్టే.

దూరం లెక్క కూడా అక్కడే తేలుతుంది. నల్గొండ వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఎల్బీనగర్ సొంతూరిలా అనిపిస్తుంది. కానీ అక్కణ్నుంచి నగరానికి అవతలి చివరనున్న బాచుపల్లి ముప్పై కిలోమీటర్లకు తక్కువ కాదు. మియాపూర్ దాకా మెట్రో ఉన్నా ఆ పైన మళ్లీ బస్సో ఆటోనో. గండిపేట వైపు అసలు మెట్రో లేదు. మనసు బాచుపల్లి కాలేజీ మీద ఉంటే హాస్టల్ కూడా అటువైపే చూసుకోవాలి.

అమ్మాయిని అంత దూరం పంపలేం. దగ్గరి కాలేజీలే పెట్టమంటారా?

అన్నను పంపినంత దూరం చెల్లెల్ని పంపలేమంటే నేను ఒప్పుకోను, ముందే చెప్తున్నా. భయం ఉంటే దాన్ని విప్పి చూడండి. హాస్టల్ గురించా, ప్రయాణం గురించా, ఖర్చు గురించా? హైదరాబాద్‌లో అమ్మాయిల ఇంజనీరింగ్ కాలేజీలు కూడా ఉన్నాయి, షేక్‌పేటలో జి.నారాయణమ్మ, బాచుపల్లిలో బీవీఆర్ఐటీ. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ప్రతి శనివారం ఇంటికొచ్చి వెళ్లినా ఖర్చు ఉండదు. అయినా వద్దనుకుంటే సరే, ఆ మాట అమ్మాయితో కలిసి అనుకోండి. ఆమె నిద్రపోయాక అనుకోకండి.

ఫీజు, రీయింబర్స్‌మెంట్ చూసి ఎలా కొట్టేయాలి?

రీయింబర్స్‌మెంట్ అంటే మీ ఫీజును ప్రభుత్వం కట్టడం. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అర్హత ఉంటే పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడినవాళ్లు)లకు ర్యాంకు పది వేల లోపు ఉంటే పూర్తిగా, దాటితే 35,000 వరకు. మిగతాది మీ జేబులోంచే. 24 వేల ర్యాంకు బీసీ కుర్రాడికి లక్షా 20 వేల ఫీజు ఉన్న కాలేజీ వస్తే ఏటా 85,000 మీరు కట్టాలి, నాలుగేళ్లకు 3 లక్షల 40 వేలు. దానికి హాస్టల్, బస్సు కలపండి. కలిపాక వచ్చిన అంకెను నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాయించడం నా అలవాటు.

మేనేజ్‌మెంట్ కోటాకు, చివర్లో మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్లకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. రీయింబర్స్‌మెంట్ డబ్బు సకాలంలో రాక ముందు మీరే కట్టాల్సిన పరిస్థితి కూడా రావచ్చు, అందుకని చేతిలో ఒక ఏడాది ఫీజు ఉందా అని చూసుకోండి. ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నది కావాలని అడుగుతారు. సర్టిఫికెట్ పరిశీలన ముందు రోజు మీ సేవ దగ్గర క్యూ కట్టకండి.

ఆంధ్రలో చదివినవాళ్లు తెలంగాణలో పెట్టుకోవచ్చా?

రాష్ట్ర విభజనప్పుడు ఉమ్మడి ప్రవేశాలకు పెట్టిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది, ఆ తర్వాత నిబంధనలు మారాయి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లు పెట్టుకుని, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో స్థానికత పేరా ముందు చదవండి. ఏపీలో ర్యాంకు లెక్కే వేరు, అక్కడ ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణలో తీసేశారు. ఈ రాష్ట్రం ర్యాంకుతో ఆ రాష్ట్రం జాబితా చూడకండి.

డీమ్డ్ యూనివర్సిటీ వాళ్లు "ఈ రోజే కట్టండి, రేపు సీటుండదు" అని ఫోన్ చేస్తున్నారు.

రేపు కూడా ఫోన్ చేస్తారు. వాటిలో మంచివి లేవని కాదు, ఆ ఫీజు భరించగలిగితే వాటినీ నోట్‌బుక్‌లో ఒక లైనుగా రాసి మిగతావాటి పక్కన నిలబెట్టండి. ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు వదిలేసి రావద్దు. కాలేజీలు వాటిని తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి.

మొదటి విడతలో ఓ మోస్తరు సీటు వచ్చింది. రెండో విడతకు పోవాలా?

ముందు వచ్చిన సీటుకు గడువులోగా ఫీజు కట్టి, సీటు తీసుకుంటున్నట్టు వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయండి, లేకపోతే అది పోతుంది. రెండో విడతలో ఆప్షన్లు మళ్లీ కొత్తగా పెట్టాలి, పాతవి పనికిరావు. అందులో సీటు వచ్చిందంటే మొదటిది దానంతట అదే రద్దు. కాబట్టి చేతిలో ఉన్నదాని కన్నా నిజంగా మేలైనవే పెట్టాలి. ఐదు ఉంటే ఐదే. "ఊరికే పెట్టి చూద్దాం" అని పెట్టి, ఉన్నది పోగొట్టుకుని, ఇంకో నాసిరకం కాలేజీలో తేలిన పిల్లలు ప్రతి ఏడాదీ నా దగ్గరికి వస్తారు. అప్పుడు చేయగలిగేదేం ఉండదు. కాలేజీ నచ్చి బ్రాంచి ఒక్కటే మార్చుకోవాలంటే చివర్లో ఇంటర్నల్ స్లైడింగ్ ఉంది, దాని కోసం ఆగొచ్చు.

నెట్ సెంటర్‌లో పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోవచ్చు. జాబితా మాత్రం ఇంట్లోనే తయారై ఉండాలి. మౌస్ అతని చేతిలో ఉన్నా పక్కన కూర్చుని కోడ్‌లు పైకి చదవండి. కోడ్ చూసి పేరు ఊహించుకోకండి. వాసవి కాలేజీకి వీఏఎస్‌వీ అంటే తెలుస్తుంది, వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి కాలేజీకి వీజేఈసీ అంటే తడబడతారు. ఒకే యాజమాన్యం కింద ఒకే పేరుతో మూడు నాలుగు కాలేజీలు ఉంటే ఇంకా ప్రమాదం, ఒక్క అక్షరం తేడాతో వేరే ఊళ్లో పడతారు. ఓటీపీ వచ్చే ఫోను మీ దగ్గరే ఉంచుకోండి, పాస్‌వర్డ్ అతని పుస్తకంలో రాయనివ్వకండి. సేవ్ చేశాక ప్రింటు తీయించి, ఇంటికొచ్చి, నోట్‌బుక్ పక్కన పెట్టి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టుకుంటూ రండి. తేడా కనబడితే గడువు లోపల మార్చుకోవచ్చు. ఇదంతా చివరి రోజుకు పెట్టుకోకండి, ఆ సాయంత్రం సర్వర్ నత్తలా నడుస్తుంది, నా ఫోను కూడా దొరకదు.